పలనాటి ఓటు: నరసరావుపేట పార్లమెంటు స్థానపు కథ

ఏటేట కార్తీక అమావాస్య నాడు కారెంపూడిలో పలనాటి వీరుల ఆరాధన మొదలగును. అయిదు దినముల ఉత్సవమది. అందొకనాడు మందపోరు, మరియొకనాడు కోడిపోరు జరుపుదురు. మందపోరు నాడు బ్రహ్మనాయుని చాపకూటిని తలచుకొని అన్ని కులములవారును ఒక్క పంక్తిని కూర్చుండి భుజింతురు. పండ్రెండవ శతాబ్దమున, రాజ్యమెవరిదన్న ప్రశ్నకు కోడిపుంజులతో ఆరంభించి కత్తులతో సమాధానము చెప్పుకొన్న సీమ యిది. ఆ ప్రశ్ననే కాగితపు ముక్కతో తేల్చుకొనుట యీ సీమలోని సకల జనమునకు 1952 జనవరిలో మొదటిమారు సంభవించినది. ఆనాడు ఓటు వేయుటకు నిలిచిన వరుస కూడ ఒక విధముగా చాపకూటి పంక్తియే. మోతుబరి రైతు వెనుక పాలేరు, వాని వెనుక పాలేరు భార్య నిలువవలసినదే. ఎవరి ఓటైనను ఒక్కటే ఓటు.

అంతకుముందు ఎన్నికలు లేకపోలేదు. కాని అవి ఆస్తియు, పన్ను రసీదును, చదువును గల కొలదిమందికి చెందిన వ్యవహారములు. 1921లో పుల్లరి కట్టమని అడవి చట్టములపై తిరుగబడిన పలనాటి పశుల కాపరులలో ఎందరికి ఓటు ఉండెను? 1922లో మించాలపాడున పోలీసు కాల్పులకు నేలకొరిగిన కన్నెగంటి హనుమంతు వెంట నడచిన రైతులలో అధిక సంఖ్యాకులకు శాసనసభ యనగా దూరపు మాట. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట వారి బిడ్డలకు ఓటు వచ్చినది.

ఆ ఓటు ఏ పేరిట వచ్చినదో మొదట చెప్పవలెను. స్థానమునకు నరసరావుపేట యని పట్టణము పేరు పెట్టిరి. ఆ పట్టణము పూర్వము అట్లూరు. మల్రాజు వంశపు జమీందారుల కాలమున నరసారావు గారి పేర నరసరావుపేటయైనది. 1915లో పురపాలక సంఘము ఏర్పడినది. కోర్టులు, కళాశాలలు, ప్రత్తి వ్యాపారము గల ఊరు. పేరునుబట్టి యిది పట్టణ నియోజకవర్గమని దూరపువారు తలంతురు. ఓట్ల లెక్క చూచినచో పట్టణము కొంతయే. తక్కిన బలమంతయు పల్లెలది. మాచర్ల, గురజాల వైపు నాపరాతి నేలలును, వినుకొండ వైపు మెట్ట చేలును, చిలకలూరిపేట, సత్తెనపల్లి వైపు నల్లరేగడియును గలసి ఈ స్థానమును నిర్ణయించుచు వచ్చినవి. పట్టణము పేరు పెట్టుకొన్నది. పల్లె తీర్పు చెప్పినది. అభ్యర్థులు ఈ సంగతి నెరుగుదురు గనుకనే మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళకు తప్పక వత్తురు. ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తున లేచినదో చూచిన కంటితోనే ఏ ఊరివారు ఎవరి వెంట నున్నారో చూచుకొందురని చమత్కారముగా చెప్పవచ్చును.

1952 నాటి ఓటు నేటి ఓటు వంటిది కాదు. నాటి ఓటు కాగితముపై అభ్యర్థి పేరు లేదు, గుర్తు లేదు. పోలింగు గదిలో తెర వెనుక ప్రతి అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, ఆ పెట్టెపై అతని గుర్తు అంటించిరి. ఓటరు ఒంటరిగా లోపలికి పోయి తనకు నచ్చిన పెట్టెలో కాగితము వేసి రావలెను. పార్లమెంటునకు వేరు పెట్టెలు, శాసనసభకు వేరు పెట్టెలు. కాంగ్రెసునకు కాడి కట్టిన జోడెడ్లు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె. అక్షరము రానివానికి గుర్తే అక్షరము. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనదే కాని, ఆ ఎన్నికలలో పార్టీలకు రేడియో ప్రసంగములు లేవు. ఆ సదుపాయము 1977లో గాని రాలేదు. కావున నాటి ప్రచారమంతయు సంతలలో, రచ్చబండల యొద్ద, బండ్లపైనను, బుర్రకథలలోను సాగినది.

ఆ తొలి ఎన్నికలో నరసరావుపేట ఓటర్లు ఏ పెద్ద పార్టీ పెట్టెను నింపలేదు. స్వతంత్ర అభ్యర్థి శ్రీ చాపలమడుగు రామయ్య చౌదరి గెలిచి ఢిల్లీకి పోయెను. మద్రాసు రాష్ట్రమంతట కాంగ్రెసునకు గాలి ఎదురుగా వీచిన కాలమది. 375 స్థానముల శాసనసభలో దానికి 152 మాత్రమే దక్కినవి. అయినను పార్టీ బలము లేని యొక వ్యక్తి విశాలమైన పార్లమెంటు స్థానమును గెలుచుట చిన్న సంగతి కాదు. జోడెడ్లను కాదని, కొడవలిని కాదని మనిషిని చూచి వేసిన ఓటది. ఈ లక్షణమును శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. ముందు మరల పని పడును.

ఆ గెలుపు ఒక్కమారుతోనే ముగిసినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1957లో ఎల్లలు మార్చి గీసినప్పుడు నరసరావుపేట పార్లమెంటు స్థానము పటమునుండి మాయమయ్యెను. 1962లోను లేదు. పలనాటి ఓటర్లు ఇరుగు పొరుగు స్థానములలో కలిసి ఓటు వేసిరి. స్థానము మరల పుట్టినది 1967లో.

1967వ సంవత్సరమును పలనాటివారు రెండు కారణములచేత మరువరాదు. ఆ ఫిబ్రవరిలో నరసరావుపేటకు మరల పార్లమెంటు సభ్యుడు వచ్చెను. ఆ ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నందికొండ యొద్ద శంకుస్థాపన చేసిన నాటినుండి పండ్రెండేండ్లు ఎదురుచూచిన నీరది. కృష్ణ పలనాటి అంచునే పారుచున్నను పలనాటికి నీరు లేదు. నది లోయలో, చేను మెట్టపై. జొన్నకూడును, రాతినేలయును, దప్పికయును ఈ సీమకు పర్యాయపదములుగా శ్రీనాథుని చాటువుల కాలమునుండి నానుడియైనవి. జవాహర్ కాలువ యను పేర కుడి కాలువ మాచర్ల వైపునుండి దిగి వచ్చినప్పుడు జొన్నచేలలో వరి లేచినది. ఆ వెనుక ప్రత్తియు, మిరపయు వచ్చినవి; పంటతోపాటు అప్పును, వ్యాపారమును, కొత్త కలిమిగల కుటుంబములును వచ్చినవి. ఓటు అడుగువాని నోట ‘నీరు’ అను మాట అటు పిమ్మట ఎన్నడును విడువలేదు. కాలువ చివరి భూములకు నీరందుట లేదన్న మొర ప్రతి ఎన్నికలోను వినబడుచు వచ్చినది. నా మట్టుకు నేను ఈ స్థానపు రాజకీయమునకు అసలు పీఠిక ఏ నాయకుని జీవితమందును గాక ఆ కాలువ గట్టునందే కలదని తలంతును.

1967లో జోడెడ్ల గుర్తుపై గెలిచినవారు శ్రీ మద్ది సుదర్శనము. 1969లో కాంగ్రెసు చీలెను. జోడెడ్లు పోయి ఇందిరమ్మ పక్షమునకు ఆవు దూడ గుర్తు వచ్చెను. 1971లో సుదర్శనము గారు ఆవు దూడపై నిలిచి మరల గెలిచిరి. గుర్తు మారినది, మనిషి మారలేదు.

ఇక 1977. ఈ స్థానపు చరిత్రలో నిలిచి చూడవలసిన ఘట్టమిదియే.

శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి ఈ ప్రాంతపు బిడ్డ. 1964 నుండి 1971 వరకు రాష్ట్ర ముఖ్యమంత్రి. తెలంగాణ ఉద్యమపు ఒత్తిడిలో ఆ పదవిని వదలి ఢిల్లీకి పోయి 1974లో కేంద్ర హోం మంత్రియయ్యెను. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినప్పుడు ఆ శాఖ ఆయనదే. 1977 మార్చిలో దేశము ఆ పాలనపై తీర్పు చెప్పినది. ఉత్తరప్రదేశ్‌లో, బీహారులో కాంగ్రెసునకు ఒక్క స్థానమును రాలేదు. రాయబరేలీలో సాక్షాత్తు ప్రధానమంత్రియే ఓడిరి. ఆ రాత్రి రేడియో ముందు చెవి యొగ్గి కూర్చుండిన ఇండ్లు ఎన్నియో. కాని ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానములలో 41 కాంగ్రెసునకే వచ్చినవి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారు మాత్రమే జనతా పక్షమున గెలిచిరి. నరసరావుపేటలో హోం మంత్రి సునాయాసముగా నెగ్గిరి. ఉత్తరమున ఏ పాలనకు శిక్ష పడినదో, ఆ పాలనలో హోం శాఖ చూచిన వ్యక్తికి దక్షిణమున కిరీటము దక్కినది. ఉత్తరాదిని అత్యవసర పరిస్థితి కలత పెట్టినంతగా ఈ సీమను కలత పెట్టలేదని కొందరందురు. కాలువ నీరు తెచ్చిన పార్టీ యను భావము అప్పటికింకను చల్లారలేదని మరికొందరందురు. రెండింటను కొంత నిజమున్నది. కాని జైళ్ళలో నుంచిన వారిని తలచుకొన్నప్పుడు ఆ తీర్పు మనస్సునకు కొంత నొప్పి కలిగింపక మానదు.

కథ అంతటితో ఆగలేదు. 1977 మేలో బ్రహ్మానందరెడ్డి గారు అఖిల భారత కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1978 జనవరి 1న, ఆయన అధ్యక్షతలో, ఇందిరాగాంధీని కాంగ్రెసునుండి బహిష్కరించిరి. మరునాడే ఆమె వేరు కాంగ్రెసు స్థాపించిరి. దానికి హస్తము గుర్తైనది. రెండు నెలలు తిరుగకుండ ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు వచ్చినవి. 294 స్థానములలో ఇందిరా కాంగ్రెసునకు 175. రెడ్డి కాంగ్రెసు అని ప్రజలు పిలిచిన బ్రహ్మానందరెడ్డి గారి పక్షమునకు 30. స్వరాష్ట్రమే ఆయన మాటను కాదన్నది.

1980 జనవరిలో నరసరావుపేట ఓటరు కాగితముపై మరల అదే పేరు కనబడినది. ఈమారు ఆ పేరునకెదురుగా నున్న గుర్తు హస్తము. రెండేండ్ల క్రిందట ఎవరిని వెలివేసిరో ఆమె పార్టీ తరఫుననే ఆయన నిలిచిరి, గెలిచిరి. ఓటర్లు ఆయనను నిలదీయలేదు, నిందింపలేదు. ఇది విస్మృతియా, ఉదారతయా, లేక మనవాడు ఏ ఇంట నున్నను మనవాడే యను పల్లెటూరి తర్కమా? మూడవదే నిజమని నాకు తోచును. 1952లో స్వతంత్రునికి వేసిన ఓటులో కనబడిన లక్షణమే యిది. ఇక్కడివారికి పార్టీ యొక బండి; ఎక్కినవాడెవడని మాత్రమే చూతురు.

బండి చూడనే చూడరని మాత్రము అనరాదు. 1984లో తెలుగుదేశపు గాలి బలముగా వీచి రాష్ట్రమున 30 స్థానములు దానికి దక్కినప్పుడు ఇక్కడను శ్రీ కాటూరి నారాయణస్వామి సైకిలుపై గెలిచిరి. 1989లోను, 1991లోను కాసు వంశమునకు చెందిన శ్రీ కాసు వెంకట కృష్ణారెడ్డి కాంగ్రెసు పక్షమున గెలిచిరి. 1996లో శ్రీ కోట సైదయ్య తెలుగుదేశము తరఫున గెలిచిరి.

1998 నుండి ఈ స్థానమునకు అతిథుల కాలము పట్టినది. ఆ యేడు గెలిచిన శ్రీ కొణిజేటి రోశయ్య వేమూరువారు. గుంటూరు జిల్లావారే యైనను పలనాటివారు కారు. 1999లో గెలిచిన శ్రీ నేదురుమల్లి జనార్దనరెడ్డి నెల్లూరు జిల్లావారు, మాజీ ముఖ్యమంత్రి. 2004లో గెలిచిన శ్రీ మేకపాటి రాజమోహనరెడ్డియు నెల్లూరు జిల్లావారే. మువ్వురును కాంగ్రెసువారు, మువ్వురును ఒక్కొక్కమారు మాత్రమే ఇక్కడ సభ్యులు. రోశయ్య గారు తరువాత 2009లో ముఖ్యమంత్రియై, ఆ పిమ్మట తమిళనాడు గవర్నరైరి. ఆ విధముగా లోక్‌సభలో నరసరావుపేటకు ప్రాతినిధ్యము వహించినవారిలో ముగ్గురు ముఖ్యమంత్రులు లెక్కకు వచ్చిరి: ఇద్దరు పదవి ననుభవించి వచ్చినవారు, ఒకరు పదవి ముందున్నవారు. పేరు గొప్పదే. అయితే ఆ గొప్పవారికి ఇది మజిలీయే గాని ఇల్లు కాలేదు.

1999 నాటి ఫలితమునందు ఇంకొక వింత కలదు. ఆ యేడు రాష్ట్రమున కాంగ్రెసునకు దక్కిన లోక్‌సభ స్థానములు అయిదే. అందు నరసరావుపేట యొకటి. అదే దినములలో, అదే ఓటర్లు, నరసరావుపేట శాసనసభ స్థానమునకు తెలుగుదేశపు డాక్టరు కోడెల శివప్రసాదరావును గెలిపించిరి. 1983 మొదలు వరుసగా ఆయనకది అయిదవ విజయము. పట్టణమునకు స్థానిక వైద్యుడు, పార్లమెంటునకు పొరుగు జిల్లా నాయకుడు! ఈ రెండు కాగితములను ఒకే దినమున మడిచిన చేతుల లెక్కను ఏ సిద్ధాంతి చెప్పగలడు?

2009లో ఎల్లలు మరల మారినవి. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల అను ఏడు శాసనసభ స్థానములు ఇందు చేరినవి. ఆ ఎన్నికలో తెలుగుదేశపు శ్రీ మోదుగుల వేణుగోపాలరెడ్డి కాంగ్రెసు అభ్యర్థి శ్రీ వల్లభనేని బాలశౌరిపై 1,607 ఓట్ల తేడాతో గెలిచిరి. తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు ఆ యిరువురికే పడిన పోటీలో అది త్రాసు ముల్లు వణకినంత తేడా. ఒక పెద్ద ఊరు ఆనాడు ఇంట నుండిపోయినచో చరిత్ర మారెడిది. 2014లో గుంటూరునుండి వచ్చిన శ్రీ రాయపాటి సాంబశివరావు తెలుగుదేశము తరఫున గెలిచి, 2019లో మరల నిలిచి ఓడిరి.

ఆయన నోడించినవారు శ్రీ లావు శ్రీకృష్ణదేవరాయలు, 2019లో వై.యస్.ఆర్. కాంగ్రెసు పక్షమున, ఫ్యాను గుర్తుపై, లక్షన్నరకు పైబడిన ఆధిక్యముతో. 2024 ఆరంభమున ఆ పార్టీని విడిచి తెలుగుదేశమున చేరిరి. ఫ్యాను పార్టీవారు నెల్లూరునుండి మాజీ మంత్రి శ్రీ అనిల్‌కుమార్ యాదవును తెచ్చి పోటీ నిలిపిరి. నెల్లూరి అతిథులు రెండుమార్లు ఇక్కడ గెలిచియుండిరి గదా యని తలచిరేమో! మూడవమారు ఆ యోగము కలిసిరాలేదు. దేవరాయలు సైకిలుపై గెలిచిరి. ఆధిక్యము ఈమారును లక్షన్నరకు పైనే.

ఇప్పుడు లెక్క చూతము. 1952 నుండి 2024 వరకు జరిగిన సార్వత్రిక ఎన్నికలలో పదునారుమార్లు నరసరావుపేట సభ్యుని ఎన్నుకొన్నది. గెలిచిన వ్యక్తులు పండ్రెండుగురు. రెండుమార్లు గెలిచినవారు నలువురు: సుదర్శనము, బ్రహ్మానందరెడ్డి, కృష్ణారెడ్డి, దేవరాయలు. ఆ నలువురిలో కృష్ణారెడ్డి గారు తప్ప తక్కిన మువ్వురును రెండవమారు వేరొక గుర్తుపై గెలిచినవారే. జోడెడ్లనుండి ఆవు దూడకు, ఆవు దూడనుండి హస్తమునకు, ఫ్యానునుండి సైకిలునకు. మూడవమారు ఎవ్వరికిని దక్కలేదు. గుర్తు మార్చినందుకు ఈ సీమ ఎవరిని శిక్షింపలేదు. మూడవమారు ఎవరిని క్షమించినట్టును లేదు.

ఈ స్వేచ్ఛ శాంతముగా వచ్చినదని మాత్రము చెప్పజాలను. పలనాటి పల్లెలలో కక్షలు, ఊరు విడిచి పోవుటలు, పోలింగు నాటి కొట్లాటలు పలుమారులు వార్తలకెక్కినవి. 2024 మే 13 నాడు మాచర్ల నియోజకవర్గములోని పాల్వాయి గేటు పోలింగు కేంద్రమున ఓటు యంత్రమును నేలకు కొట్టిన దృశ్యము కెమేరాకు చిక్కి దేశమంతయు చూచినది. ఆ వారములోనే ఎన్నికల కమిషను జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేయించినది. అయినను ఆ దినమున నూటికి ఎనుబదిమందికి మించి ఓటు వేసిరి. పగిలిన యంత్రమును చూచిన వారే తెల్లవారుజామునుండి వరుసలలో నిలిచినవారును. ఒక సీమను పగిలిన పెట్టెతో కొలువవలెనా, నిలిచిన వరుసతో కొలువవలెనా? పత్రికలు మొదటిదానినే ఎంచుకొన్నవి. పొద్దు గ్రుంకిన తరువాతను వరుసలో నిలిచియుండిన వృద్ధురాలి చిత్రము అంతగా అచ్చు కాలేదు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రమున కొత్త జిల్లాలు ఏర్పరచినప్పుడు, పార్లమెంటు స్థానములనే ప్రమాణముగా గైకొనిరి. నరసరావుపేట స్థానపు ఏడు నియోజకవర్గములే పలనాడు జిల్లాయై, నరసరావుపేట దాని కేంద్రమైనది. ఓటు లెక్కింపుకై గీసిన గీత రెవిన్యూ కచేరీలకును, పోలీసులకును, బడులకును ఎల్లయైనది. 1957లో ఒక్క కలముపోటుతో మాయమైన స్థానమే, అరువదియైదేండ్లకు, ఒక జిల్లాకు ఆకృతి నిచ్చినది. పేరు విషయమున మాత్రము పల్లె గెలిచినది. పార్లమెంటు స్థానమునకు పట్టణము పేరే నిలిచినను, జిల్లాకు సీమ పేరు పెట్టిరి.

ఇంకొక లెక్క మిగిలినది. కారెంపూడి ఆరాధనలో నేటికిని నాయకురాలు నాగమ్మ ప్రస్తావన రాకుండ కథ నడువదు. గురజాల నలగామరాజు కొలువున మంత్రాంగము నెరపిన స్త్రీ ఆమె. ఆమెను నిందించు వారును ఆమె బుద్ధిబలమును కాదనలేదు. అట్టి సీమనుండి పదునారు ఎన్నికలలో లోక్‌సభకు పోయిన పండ్రెండుగురిలో స్త్రీ ఒక్కరును లేరు.